అమ్మమ్మకు కోరలు

శనివారం, కోవెంట్రీ

నిత్య పెద్దమనిషి అయి వారమైంది. ఈ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో పాత చెక్ సినిమా చూపించింది. అందులో ఒక పిల్ల పెద్దమనిషి కాగానే ఇంట్లో వాళ్ళందరికీ కోరలు మొలుస్తాయి. మొదట మొలిచేది అమ్మమ్మకే.

"దట్స్ యూ, అమ్మమ్మా," అంది నిత్య.

"నావి కట్టుడు పళ్ళే," అన్నాను. నిత్య నవ్వలేదు.

"ఫంక్షన్ అని అందరికీ చెప్పేశావ్. డిడ్ యూ ఈవెన్ ఆస్క్ మీ?"

అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. నా ఫంక్షన్ రోజు పీట మీద తల వంచుకుని కూర్చున్నాను, వచ్చినవాళ్ళ పాదాలు తప్ప ఏమీ గుర్తులేదు.

ఫంక్షన్‌కి మాట్లాడిన హాలు వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. పట్టు ఓణీ మాత్రం బీరువాలో ఉంది. కట్టుకుంటావా అని రేపు నిత్యనే అడగాలి. వద్దంటే ఏమనాలో ఇంకా తెలియడం లేదు.