శశికళ గారితో పాటు రేణును కూడా బయటికి పంపించమని

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
26 మార్చి 1977

జిల్లా జైలు సూపరింటెండెంట్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: విడుదల ఉత్తర్వు వచ్చినా గేటు దాటనంటున్న ఖైదీ గురించి.

ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగిని రాధారాణి, మా వీధి ఆడవాళ్ల తరఫున, మిక్కిలి సంతోషముతో చేసుకొను మనవి ఏమనగా:

1. గోడపత్రికలో పేరు లేని పద్యం ఎవరు రాశారో చెప్పనందుకు లెక్చరర్ శశికళ గారు పద్దెనిమిది నెలలుగా, విచారణ లేకుండా, తమ జైలులో ఉన్నారు. ఇక్కడి పత్రికలో ఆ సంగతి చదివినప్పటినుంచి ఆమెను వదలమని మేము ప్రతి శనివారం తమకు రాశాము. పొరుగింటి డోరతీ గారికి తెలుగు రాదు. నా కాగితం చూసి బొమ్మ గీసినట్టు గీసేది. "వడదల చయండ" అని తమకు చేరినవన్నీ ఆవిడవే. గుళ్లు, కొమ్ములు, ఏత్వాలు ఆవిడ కంటికి ఆనలేదు.

2. "ఖైదీ క్షేమం. ఇకమీదట రాయనక్కరలేదు" అని తమరు ఒకసారి జవాబిచ్చారు. క్షేమం అన్న మాటకు మేము పాయసం చేసుకున్నాము. రెండో వాక్యాన్ని పాటించనందుకు క్షమించగలరు.

3. ఈ ఉదయం శశికళ గారి లాయర్ గోపీనాథ్ గారు ట్రంక్ కాల్ చేసి "ఆర్డర్ వచ్చిందమ్మా!" అన్నారు. ఫోన్ పెట్టకుండానే కేక వేశాను. ఆయన చెవికి ఏమైందో తెలియదు. "నిజంగానా? జోక్ చెయ్యకు!" అంటూ నా స్నేహితురాలు వసుమతి ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులోకి పరిగెత్తింది. డోరతీ మా ఇద్దరినీ పట్టుకుని గిరగిర తిప్పింది. ముగ్గురం పడ్డాం. లేవడానికి ఎవరికీ తొందర లేకపోయింది.

4. అరగంటకు మళ్లీ ఫోన్. "ఆవిడ రానంటున్నారమ్మా. గేటు లోపల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు."

కారణం రేణు. ఆ పద్యం రాసిన విద్యార్థిని. టీచర్‌ని పట్టుకెళ్లారని విని, "రాసింది నేనండీ" అని తనంతట తానే వచ్చి చెప్పిందట. టీచర్‌ని వదలకపోగా ఆమెనూ అదే జైలులో వేశారట.

"ఆ పిల్ల పేరు ఆర్డర్‌లో లేదు" అన్నారు లాయర్ గారు.

అయ్యా, మా ఉత్తరాల్లోనూ లేదు. మాకు తెలియదు. ఇన్ని శనివారాల్లో ఒక్కసారైనా ఆ పేరు రాయలేదు. అక్కడ మా నవ్వు ఆగిపోయింది.

5. కావున రేణు విడుదలకు పైవారికి వెంటనే వైర్ (టెలిగ్రాం) పంపవలెను. అంతవరకు శశికళ గారిని రెక్క పట్టి బయటికి గెంటరాదు. జైలులోంచి గెంటవద్దని అర్జీ పెట్టుకునే రోజు వస్తుందని మేము కలలోనైనా అనుకోలేదు.

పోస్టుకు పది రోజులు పడుతుంది గనుక దీనిని ఫోన్‌లో చదువుతున్నాను. గోపీనాథ్ గారు రాసుకుని తమ చేతికిస్తారు. అసలు ప్రతి వెనకాల వస్తుంది.

తమరు చిత్తగించి, ఇద్దరికీ ఒకేసారి గేటు తీయించవలెను.

తమ విధేయురాలు (ఈ ఒక్కసారికి),
రాధారాణి

తా.క. కవరు అంటించేలోగా సోమవారం వచ్చింది, ఫోనూ వచ్చింది. ఇద్దరూ బయటికొచ్చేశారట! వైర్ తమరే ఇచ్చారని, శశికళ గారి కుర్చీ దగ్గరికి రెండుసార్లు కాఫీ కూడా పంపారని తెలిసింది. తమరిని ఇన్నాళ్లూ ఏమేమి తిట్టుకున్నామో ఇక్కడ రాయను.

రేణు కూడా మాట్లాడింది.

"మీరెవరండీ?"

"నీకు ఉత్తరాలు రాయని వాళ్లమమ్మా. ఇవాళే మొదలుపెడతాం. అడ్రస్ చెప్పు."

లైన్లో కాసేపు గరగర. ఆ తర్వాత పెద్ద నవ్వు.

"ఇల్లండీ! ఇంటికి రాయండి!"