పద్మావతమ్మ ఫిర్యాదు

ఆత్మకూరు

అత్తా, నేను బాగుండాను. నీకు ఫోన్లో సరిగా వినపడదని కార్డు రాస్తాండాను, పక్కింటోళ్ల చేత చదివించుకో.

మొన్న బస్టాండులో నేను బాడుగకుండే ఇంటామె పద్మావతమ్మ మెడలో గొలుసు ఎవరో లాక్కొని పోయినారు. ఆమె ఏడస్తా ఉంటే ఫిర్యాదు నేనే రాసిచ్చినాను. స్టేషన్లో ఎస్సై చదివి, "మళ్లీ అడిగే పని లేకుండా అంతా ఉండాది, ఎవరమ్మా రాసింది?" అన్నాడు.

"ఈ పిల్లే సార్, ఎస్సై పరీక్షకే చదవతాండాది" అనింది ఆమె.

"పరీక్షలో కూడా ఇట్లనే రాయి తల్లీ" అన్నాడు. గొలుసు నిన్న దొరికింది.

బిడ్డతల్లికి చదువేందని ఉదయగిరిలో అందరూ అంటే, నువ్వొక్కదానివే ఇందూని ఎత్తుకొని నన్ను బస్సెక్కించినావు. ఇందూకి దగ్గు తగ్గిందా? పద్మావతమ్మకు ఇచ్చేదానికి మన ఊళ్లో చేసే కొయ్య గరిటె ఒకటి పంపు. ఆదివారం నెల్లూరులో పరీక్ష. నాకిప్పుడు భయం లేదత్తా. నీ కాళ్లకు దండాలు.

నీ కోడలు మధులత