హాఫ్‌టైంలో కథలు బంద్

3వ తేదీ, ఆదివారం. సాయంత్రం 6.10

ఈ రోజు మేము ఒక గోల్ ఆధిక్యంలో ఉండి ఓడిపోయాం. అదెలా సాధ్యమని ఎవరైనా అడిగితే సిగ్గుతో చచ్చిపోతాను కాబట్టి డైరీకి మాత్రమే చెబుతున్నాను.

హాఫ్‌టైం పదిహేను నిమిషాలు. పిల్లలు (జట్టులో సగం మందికి ముప్ఫై దాటింది, అయినా నాకు పిల్లలే) డ్రెస్సింగ్ రూమ్‌లో నీళ్ళు తాగుతున్నారు. ఉత్సాహం కోసం చిన్న కథ ఎత్తుకున్నాను. ఒకాయన చేతి గడియారాన్ని మేక మింగేస్తే, ఆయన మేకను తోలుకుని నా కొట్టుకు వచ్చిన కథ. బయట విజిల్ వినిపించింది. మళ్ళీ వినిపించింది. మేక సంగతి తేలేదాకా ఒక్కడూ లేవలేదు. మేం బయటికి వచ్చేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యమైందట. రిఫరీ గెలుపు అవతలివాళ్ళకు రాసేశాడు.

గదిలో గోడ గడియారం ఉంది కదా అంటారు. ఉంది. అది ఎప్పుడూ ఐదుకు పది నిమిషాలే చూపిస్తుంది. నలభై ఏళ్ళు ఊరందరి గడియారాలూ బాగుచేసి, కొట్టు మూసేసినప్పుడు నేనే తెచ్చి అక్కడ తగిలించాను. ఎందుకు బాగుచేయలేదంటే దానికో కథ ఉంది. వద్దు.

క్లబ్బు అధ్యక్షుడు మా బావమరిదే. జీతం అడగని మేనేజర్ కావాలని ఆరు నెలల క్రితం నన్ను పట్టుకున్నాడు. ఈ రోజు మైదానం మధ్యలో నిలబెట్టి కడిగేశాడు.

"బావా, మనకు డబ్బుల్లేవు. నెట్టుకు కన్నాలు. ఉన్న మూడు బంతుల్లో ఒకటి కోడిగుడ్డులా ఉంది. ఇన్ని లేనివాటి మధ్య ఉన్నది నీ నోరొక్కటే. అది కూడా అవతలి జట్టుకే ఆడుతోంది!"

లీగ్‌లో మాదే ఆఖరి స్థానం. ఇంకా నాలుగు ఆటలున్నాయి. ఆఖరునే ఉండిపోతే లీగ్ నుంచి గెంటేస్తారు. లీగ్‌లో లేని క్లబ్బుకు మైదానమెందుకని మునిసిపాలిటీ దాన్ని బస్సులు నిలుపుకోవడానికి తీసుకుంటుంది. కాగితం కూడా వచ్చేసింది.

అందుకని శపథం. ఈ సీజన్ అయ్యేదాకా ఒక్క కథ చెబితే ఒట్టు!

4వ తేదీ, సోమవారం. ఉదయం 7.30

కొత్త జీవితం. నియమాలు:

1. హాఫ్‌టైంలో ఎత్తుగడలు తప్ప మాట్లాడను.
2. ప్రాక్టీసులోనూ అంతే.
3. "ఆ రోజుల్లో" అనే మాట నా నోట రాకూడదు.

మూడోది కెప్టెన్ పెట్టాడు. అతను ఎలక్ట్రీషియన్. మాటలతో వదిలేసే రకం కాదు. పొద్దున్నే డ్రెస్సింగ్ రూమ్‌లో బెంచీ కింద ఒక బజర్ బిగించాడు. "మీరు 'ఆ రో' అనగానే నొక్కేస్తాను గురువుగారూ, ఏమనుకోకండి" అన్నాడు. పరీక్షగా ఒకసారి నొక్కాడు. మా గోలీ (అంటే గోల్‌కీపర్) చేతిలో నీళ్ళ సీసా ఎగిరిపడింది. పొద్దున పూట బేకరీలో వేడి పళ్ళాలు పట్టుకునే మనిషి, సీసా పట్టుకోలేకపోయాడు. ఆఖరి స్థానానికి కారణాలు నా ఒక్కడి దగ్గరే లేవు.

6వ తేదీ, బుధవారం. సాయంత్రం 6.45

అద్భుతం! గంటన్నర ప్రాక్టీసు, బజర్ రెండే సార్లు! నెట్టు కన్నాలకు మా ఆవిడ బట్టలారేసే తాడు కట్టాను (ఆవిడకింకా తెలియదు). కోడిగుడ్డు బంతి కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను, ఇప్పుడు బత్తాయిలా ఉంది. అది ఏ వైపు ఎగురుతుందో మాకు తెలియదు, కాబట్టి అవతలివాళ్ళకూ తెలియదు. దీన్నే ఎత్తుగడ అంటారు.

10వ తేదీ, ఆదివారం. సాయంత్రం 7.00

వాళ్ళ మైదానంలో 0-0! ఒక పాయింటు!! హాఫ్‌టైంలో నాలుగు నిమిషాలు మాట్లాడాను, అన్నీ ఎత్తుగడలే. ఇన్నాళ్ళూ కథలు చెప్పి ఎంత కాలం వృథా చేశాను! క్రమశిక్షణ అంటే ఏమిటో అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

మా ఆవిడ పద్నాలుగు జెర్సీలూ నానబెడుతూ అడిగింది.

"ఏమండీ, ఒంట్లో బాగుందా? వచ్చి అరగంటైంది. ఎవరి గురించీ ఏమీ చెప్పలేదు."

"మారిపోయాను."

"సరే గానీ నా తాడేది?"

14వ తేదీ, గురువారం. మధ్యాహ్నం 3.20

శపథం చక్కగా సాగుతోంది. నాలుక కొంచెం దురద పెడుతోంది, అంతే. ఆ రోజుల్లో మా కొట్టు పక్కన ఒక దర్జీ ఉండేవాడు, అతనికి కూడా నాలుక... ఆగాను. డైరీలో రాస్తే కథ చెప్పినట్టా? కాదనే నా అభిప్రాయం. అయినా రాయను. ఆ దర్జీ ఏమయ్యాడో నాతోనే ఉండిపోతుంది.

17వ తేదీ, ఆదివారం. సాయంత్రం 6.30

సొంత మైదానంలో 0-4.

మొదటి సగం 0-0. హాఫ్‌టైంలో గొంతు చించుకుని చెప్పాను: కుడివైపు నుంచి పోండి, కార్నర్‌కు పొడుగు డిఫెండర్‌ను ముందుకు పంపండి. రెండో సగంలో కుడివైపున వాళ్ళవాళ్ళు ముగ్గురు, మా పొడుగువాడి చుట్టూ ఇద్దరు. ఏదో దివ్యదృష్టి ఉన్నట్టు! ఆట అయ్యాక వాళ్ళ గోలీ చెయ్యి కలుపుతూ, "మేనేజర్‌గారూ, మీ గొంతు చాలా స్పష్టంగా ఉంటుందండీ" అన్నాడు.

అప్పుడు వెలిగింది. రెండు డ్రెస్సింగ్ రూముల మధ్య గోడ ప్లైవుడ్డు. అగ్గిపుల్ల గీసినా అవతలికి వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ వాళ్ళు విన్నది మేకల కథలు కాబట్టి మాకు నష్టం రాలేదు. ఇప్పుడు నేను బాగుపడి మా గుట్టంతా అప్పజెబుతున్నాను!

20వ తేదీ, బుధవారం. సాయంత్రం 7.15

ఇటుక గోడ కట్టిద్దామన్నాను. "ఇటుకలు నీ కథల్లోంచి తెస్తావా బావా?" అన్నాడు బావమరిది.

ప్రాక్టీసు డల్లుగా ఉంది. ఎవరూ ఎవర్నీ ఆటపట్టించడం లేదు. పోస్ట్‌మన్, అంటే మా ఫార్వర్డ్, నాలుగు షాట్లు వరసగా ప్రహరీ అవతల వేశాడు. ఓపిక ఎలా పట్టాలో చూపడానికి ఒక ఉదాహరణ చెప్పాను. ఉదాహరణ కథ కాదు. పాతిక నిమిషాల ఉదాహరణ. బజర్ మోగుతూనే ఉంది, దాని మీద నేను చెబుతూనే ఉన్నాను. చివరికి బ్యాటరీ అయిపోయింది.

24వ తేదీ, ఆదివారం. సాయంత్రం 8.00

వాళ్ళ మైదానంలో 1-1. హాఫ్‌టైంలో నోరు విప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాత్రం రెండు చెప్పాను. బస్సు డ్రెస్సింగ్ రూమ్ కాదు, ప్రాక్టీసూ కాదు. నియమాలు మళ్ళీ చదివి చూసుకున్నాను. బస్సు ప్రస్తావనే లేదు.

మూడోది, అటు పక్క సీట్లో కూర్చున్న ఎవరో ముసలాయనకు చెప్పాను. ఆయన నా ఆటగాడు కాడు.

28వ తేదీ, గురువారం. ఉదయం 9.00

లెక్క తేలింది. మాకు పైన వంతెన అవతలి జట్టు ఉంది. వాళ్ళకు మాకంటే రెండు పాయింట్లు ఎక్కువ. ఆదివారం ఆట వాళ్ళతోనే, మా మైదానంలో. గెలిస్తే మూడు పాయింట్లు, మైదానం మాది. డ్రా అయినా బస్సులు వచ్చేస్తాయి. నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని పెనాల్టీ బాక్సు కొలిచి వెళ్ళారు. ఎన్ని బస్సులు పడతాయో చూస్తున్నారట. గోలీ వాళ్ళకు రొట్టె ఇచ్చి మరీ తిట్టాడు.

గోడ సమస్యకు ఉపాయం: పలక! ఎత్తుగడలు మాట్లాడకుండా రాసి చూపిస్తాను.

31వ తేదీ, ఆదివారం. సాయంత్రం 7.40

వరసగా రాయాలి.

మొదటి సగం 0-1. బంతి గోలీ కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది, మెల్లగా, అడిగి వెళ్ళినట్టు. హాఫ్‌టైంలో అతను తల మీద తువ్వాలు కప్పుకుని మూల కూర్చున్నాడు. నేను పలక తీశాను. నీళ్ళ సీసాల సంచీలో పెట్టాను కదా, అంతా చెరిగిపోయింది. సుద్దముక్క పేస్టయింది. అవతల గదిలో వంతెన జట్టు కోచ్ అరుపులు మాకు శుభ్రంగా వినిపిస్తున్నాయి. మా గదిలో కొళాయి చుక్క చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ రో..." అని ఆగాను. అలవాటు.

కెప్టెన్ చెయ్యి బెంచీ కిందికి పోయింది. కొత్త బ్యాటరీ వేశాడు కదా, బజర్ మోగుతుందని అందరం భుజాలు బిగించాం. మోగలేదు. చెయ్యి పైకి తీస్తే అందులో తెగిన వైరుంది.

"చెప్పండి గురువుగారూ."

"ఒట్టు పెట్టుకున్నాన్రా."

"బజర్ పెట్టింది నేను. నేనే తీసేస్తున్నా. వీడి మొహం చూడండి, ఇలా బయటికి పంపితే ఇంకో నాలుగు వదిలేస్తాడు."

తువ్వాలు కిందినుంచి గోలీ అన్నాడు: "మేక కథ వద్దు. కొత్తది."

గోడ గడియారం వైపు చూశాను. ఐదుకు పది. సరే, ఇదే చెబుదాం అనుకున్నాను.

"ఒకాయన నా కొట్టుకు ఈ గడియారం తెచ్చాడు. భేషుగ్గా నడుస్తోంది. 'దీన్ని ఆపి ఇవ్వండి' అన్నాడు. ఐదుకు పది దగ్గర ఆపాలట. నలభై ఏళ్ళలో నడిచే గడియారాన్ని ఆపమన్నవాడు ఆయనొక్కడే. ఆపి ఇచ్చాను. మర్నాడు ఒకావిడ వచ్చింది. అదే గడియారం! 'ఎందుకో ఆగిపోయిందండీ, నడిపించండి' అంది. నడిపించాను. వారం తిరక్కుండా మళ్ళీ ఆయన..."

ప్లైవుడ్డు అవతల కోచ్ అరుపు ఆగింది. ఎవరో "ష్" అన్నారు. ఆ తరువాత సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఎందుకట?"

మా పదకొండుమందీ నోళ్ళు తెరిచారు. నేను గొంతు కొంచెం పెంచాను. మర్యాద.

"మొగుడూ పెళ్ళాలే. రోజూ మధ్యాహ్నం చదరంగం ఆడతారు. ఐదు గంటలు కొట్టగానే ఆట ఆపాలి. అప్పటికి ఎవరు ఓడిపోతూ ఉంటే వాళ్ళు గిన్నెలు తోమాలి. ఎప్పుడూ ఆయనే ఓడిపోతాడు. ఐదు కొట్టకపోతే గిన్నెల్లేవుగా! ఇలా ఆరేళ్ళు. ఆయన ఆపించడం, ఆవిడ నడిపించడం. 'మా ఆవిడకు చెప్పకండి' అని ఆయన, 'మా ఆయనకు చెప్పకండి' అని ఆవిడ. ఒక రోజు ఆయన గడియారం ఆపించుకుని వెళ్తుంటే, ఇద్దరూ నా కొట్టు గుమ్మంలో ఎదురుపడ్డారు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి..."

చేతి గడియారం చూసుకున్నాను. పద్నాలుగు నిమిషాలు.

"మిగతాది గెలిచాక. పదండి."

మా గదిలోంచి పెద్ద ఏడుపు. అవతల గదిలోంచి అంతకంటే పెద్ద ఏడుపు. నా జన్మలో మొదటిసారి టైముకు ఆపాను!

గోలీ తువ్వాలు విసిరేసి లేచాడు. రెండో సగంలో రెండు గట్టి షాట్లు ఆపాడు, ఒకటి ముక్కుతో. అరవయ్యో నిమిషంలో కెప్టెన్ ఫ్రీకిక్ గోడకు కొట్టిన మేకులా దిగింది. 1-1! ఆ తరువాత పాతిక నిమిషాలు ఏమీ జరగలేదు. నాకు మైదానం నిండా బస్సులే కనిపిస్తున్నాయి.

ఎనభై ఎనిమిదో నిమిషం. బంతి మా పోస్ట్‌మన్ కాళ్ళ దగ్గర. ఎదురుగా వంతెన జట్టు డిఫెండర్, బీరువాలా నిలబడ్డాడు. ఆ బీరువా ఉన్నట్టుండి అడిగాడట:

"అన్నా, ఆవిడ ఏమంది?"

"నాకూ తెలీదు తమ్ముడూ, అందుకే తొందర!" అని మావాడు పక్కనుంచి దూసుకుపోయాడు.

2-1!!!

విజిల్. కెప్టెన్, గోలీ, బావమరిది నా మీద పడ్డారు. కళ్ళజోడు విరిగింది. విరగనీ.

అయిదు నిమిషాల్లో డ్రెస్సింగ్ రూమ్ కిక్కిరిసింది. మావాళ్ళూ వాళ్ళూ కలిసి కూర్చున్నారు. వాళ్ళకు బాధ ఉండదా? కింది జట్టు మేం కాదు, ఇప్పుడు వాళ్ళు. అయితే వాళ్ళది కళాశాల మైదానం, ఎవరూ తీసుకోరట. "గిన్నెలు ఎవరు తోమారో చెబితే వెళ్ళిపోతాం" అన్నాడు బీరువా. రిఫరీ కూడా గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే మా ఆవిడ జెర్సీల కోసం బకెట్టు పట్టుకుని వచ్చింది.

చెప్పాను.

"ఆవిడ అంది కదా: 'గిన్నెలు ఎగ్గొట్టడానికి ఆరేళ్ళు ఈ బరువు మోసుకుంటూ ఇంత దూరం నడిచావా? ఆ టైములో ఊరందరి గిన్నెలూ తోమొచ్చు!' ఆయన తల వంచుకుని అన్నాడు: 'గిన్నెల కోసం కాదే. ఐదు కొడితే నువ్వు లేచి వెళ్ళిపోతావు.' ఆవిడ గడియారాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని నా బల్ల మీద పెట్టింది. 'ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మాకు అక్కర్లేదు' అంది. ఇదిగో, ఇదే అది."

రిఫరీ ముక్కు చీదుకున్నాడు.

మా ఆవిడ బకెట్టు కింద పెట్టింది. "నలభై ఏళ్ళు కాపురం చేశాను. నాకెప్పుడూ చెప్పలేదే ఈ కథ?"

"నువ్వెప్పుడు కూర్చున్నావని?"

బెంచీ మీద కుర్రాళ్ళను జరగమని చెప్పి కూర్చుంది. "సరే, ఇప్పుడు కూర్చున్నా. ఇంకోటి చెప్పండి."

చీకటి పడేలోపు మూడు చెప్పాను. జెర్సీలు ఇంకా నానలేదు.

1వ తేదీ, సోమవారం. ఉదయం 7.00

బావమరిది పొద్దున్నే వచ్చాడు. వచ్చే సీజన్‌కూ నేనే మేనేజర్‌నట. జీతం అదే, అంటే లేదు. షరతు ఒకటే.

"బావా, నిన్న కథ వల్ల గెలిచాం, ఒప్పుకుంటాను. కానీ అన్నిసార్లూ అవతల బీరువాలు ఉండవు. వచ్చే సీజన్‌లో ఎత్తుగడలే. కథలు బంద్."

న్యాయంగానే ఉంది. కెప్టెన్ బజర్‌కు కొత్త వైరు తెస్తున్నాడు. బేకరీ యజమాని గోడకు ఇటుకలు ఇస్తానన్నాడు, గోడ మీద రొట్టెల బొమ్మ వేయనిస్తే చాలట.

కొత్త జీవితం. నియమాలు:

1. హాఫ్‌టైంలో ఎత్తుగడలు తప్ప మాట్లాడను.
2. ప్రాక్టీసులోనూ అంతే.
3. "ఆ రోజుల్లో" నిషిద్ధం.
4. బస్సు కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ క్షణం నుంచే అమలు! ఒక్క కథ చెబితే ఒట్టు!

7.05

మా ఆవిడ రెండు కప్పులు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ దర్జీ ఏమయ్యాడని అడుగుతోంది. డైరీ చదివినట్టుంది.

రేపటి నుంచి అమలు.