చెప్పు విప్పించకుండా చూసిన కాలు

జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు, బొబ్బిలి నివాసి, వీణలు చేయు జగన్నాధం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనుమరాలు నీలవేణి (వయస్సు ఆరు) కుంటికాలును వైకల్య పరీక్షా శిబిరంలో చెప్పు విప్పించకుండా చూసి "లోపం లేదు" అని రాసిన డాక్టరుగారిపై చర్య గురించి, పిల్లకు మరల పరీక్ష గురించి.

1. పిల్ల ఎడమకాలు కుడికాలికన్నా ముప్పావు అంగుళం పొట్టి. ఇది నా దారపు కొలత. నలభై ఏళ్లుగా వీణ దండిని ఈ దారంతోనే కొలుస్తున్నాను. ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదు.

2. పిల్ల కుంటుతుంటే చూడలేక ఎడమ చెప్పులో పనసచెక్క చెక్కి పెట్టి, పైన తోలు అతికించాను. అతుకు చేసినవాడికి తప్ప కనబడదు.

3. గత నెల శిబిరంలో, అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయాము. డాక్టరుగారు ఫోనులోంచి తల ఎత్తకుండానే "పర్లేదు, టైం లేదు, అలాగే వచ్చేయండి" అన్నారు. పిల్లను గోడదాకా నడిపించి, "ఇంత చక్కగా నడుస్తుంటే సర్టిఫికెట్టు కోసం తెచ్చారా?" అని నలుగురిలో నవ్వారు. నేను చెప్పు సంగతి ఎత్తేలోగా ఇంకొకరి పేరు పిలిచేశారు. మా కోడలు కుమారి వరండాలో ఏడ్చింది. పిల్ల మాత్రం, "తాతా, డాట్రుబాబు నా కాలు సూడనేదు, సెప్పే సూసినాడు" అంది. ఆరేళ్ల పిల్లకు తెలిసింది అంత చదువుకు తెలియలేదు.

4. తరువాత వేరొక డాక్టరమ్మకు చూపించగా తుంటి కీలు జారి ఉన్నదని, ఈ ఏడాదే ఆపరేషను చేయాలని, ఆలస్యమైతే ఇక నయం కాదని చెప్పారు. ఉచితంగా చేసేవారు శిబిరం కాగితం అడుగుతున్నారు. అందులో లోపం లేదని ఉంది. కౌంటరులో అడిగితే, "ఏటి ముసిలోడా, ఓపాలి రాసేసినాక ఏడాది దాకా మళ్లీ సూడరు" అన్నారు. ఎముకకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

5. కావున పిల్లను వారంలోగా, ఒట్టికాళ్లతో, మరొక డాక్టరుచేత పరీక్ష చేయించవలెను.

6. డాక్టరుగారిని సస్పెండు చేయమని కోరను. అది ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవడం. నాకు చాలదు. దీనితో జతపరచిన చెప్పులు ఆయనకు తొడిగించవలెను. కుడిదానికి ముప్పావు అంగుళం చెక్క ఉంది, ఎడమది చదును. వాటితో తమ కార్యాలయం మెట్లు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎక్కించి దించవలెను. నడుము పట్టుకుంటే "ఇంత చక్కగా నడుస్తున్నారే" అనవలెను. నలుగురిలో అనవలెను. నవ్వవలెను కూడా. కొలత తప్పదు. నేను రెండోసారి బతిమాలుకోవడానికి వెళ్లినప్పుడు తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద ఆయన బూటు అచ్చు పడింది. దారం నా జేబులోనే ఉంది.

పిల్ల కాలు ముందు, నా పగ తరువాత, ఆ వరుసలోనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జగన్నాధం

తా.క.: ఆ ఎగుడుదిగుడు చెప్పులు రెండు జతలు చేశాను. రెండేళ్లు పిల్ల చెప్పులో నా పనితనం చూసుకుని మురిశానే గాని, పిల్లను ఒక్క డాక్టరుకూ చూపించలేదు. కుంటు కనబడకుండా చేసింది నేనే. రెండో జత నా కాళ్లకు ఉంది. బస్టాండునుంచి వాటితోనే నడిచి వచ్చాను. కింద బెంచీ మీద కూర్చున్నాను. పిలిస్తే వాటితోనే మెట్లెక్కి వస్తాను.