మలుంగిరో పేరెత్తిన రోజు

నోవై, మిషిగన్
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ చెల్లి సునీత నమస్కారాలు. మోకాలి ఆపరేషన్ తర్వాత వదిన కర్ర లేకుండా నడుస్తోందని పెద్దమ్మ చెప్పింది. విని మనసు కుదుటపడింది. నీ బీపీ సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మాత్రలు మానేసి ఉంటావు. ఖమ్మం కోర్టుకి పరిగెత్తే తొందరలో మరిచిపోయానని వదినకి చెప్పే మాట నాకు చెప్పకు.

ఇక్కడ నేనూ మేఘా బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, కంగారు పడకు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నదేమిటా అనుకుంటావు. ఫోన్ అయితే వదిన స్పీకర్ పెడుతుంది, సగం వినేసరికే భయపడుతుంది. పైగా ఈ సంగతి ఫోన్లో మాట్లాడొద్దని జోసెఫీన్ అడిగింది. ఆమె ఎవరో చెబుతాను. నువ్వు ఒక్కడివే కూర్చుని చదువు.

ప్లేనోలో ఉద్యోగం పోయాక ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ పని దొరికిందని తెలుసు కదా. పని బాగానే ఉంది. రఘు ఇంకా ప్లేనోలోనే ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. అక్కడ ఎండకి స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలేది. ఇక్కడ పొద్దున్నే అద్దం మీద మంచు గీకితే గానీ కార్ కదలదు. సాయంత్రం ఆఫీస్ నుంచి బయటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది. మొదటి నెల అంతా, మేఘని స్కూల్లో దించి వచ్చాక, కార్లోనే కాసేపు ఏడ్చి ఆఫీస్‌లోకి వెళ్ళేదాన్ని. ఇప్పుడు అలవాటైంది. అలవాటైంది అంటున్నాను కాబట్టి నమ్ము.

జోసెఫీన్ మా పై ఫ్లాట్‌లో ఉంటుంది. ఆఫ్రికా ఆవిడ. ఏ దేశమో రాయొద్దంది, రాయను. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. ముసలివాళ్ళ హోమ్‌లో పని చేస్తుంది. మొదటిసారి మంచు పడ్డ రోజు నా కార్ పార్కింగ్‌లో ఇరుక్కుపోతే, ఆమె తన డిక్కీలోంచి ఇసుక సంచి తెచ్చి టైర్ల కింద పోసి, వెనక నుంచి తోసింది. ఆ సాయంత్రం పప్పు, గోంగూర పచ్చడి తీసుకుని పైకి వెళ్ళాను. ఆమె మొక్కజొన్న పిండితో మన సంగటి లాంటి ముద్ద చేసి పెట్టింది. గోంగూర నంజుకుని, "ఇది మా ఊళ్ళో కూడా ఉంది, ఆకు మాత్రం ఇంత పుల్లగా ఉండదు," అంది. అప్పటినుంచి స్కూల్ అయ్యాక మేఘ ఆమె దగ్గరే ఉంటోంది. "అమ్మా, జోసెఫీన్ ఆంటీ నాకు లాంగ్ డివిజన్ నేర్పింది, షీ ఈజ్ సో గుడ్," అని ఒక రోజు వచ్చి చెప్పింది. ఆ మాట జోసెఫీన్‌కి చెబితే, "మా ఆయన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నాను," అంది. అలా మొదలైంది మాట.

వాళ్ళ ఊరి పేరు మలుంగిరో. అక్కడ ఎన్నికల్లో ఊరంతా గెలవని పార్టీకి ఓటేసింది. తర్వాత ఒక సంత రోజున పోలీసు వ్యాన్లు వచ్చాయి, వెంట కర్రలూ కత్తులతో కిరాయి మనుషులు. జనం పరిగెత్తి బడిలో దాక్కున్నారు. ఆమె భర్త లోపలే ఉన్నాడు. జోసెఫీన్, మరిది డానియల్ పిండిమర వెనక చిక్కుకుపోయారు. అక్కడి నుంచి పోలీసు కమాండర్ జీపు దిగడం చూశారు. "అతను అరవలేదు, సునీతా. చేయి చాచి బడి వైపు చూపించాడు. వాళ్ళు వెళ్ళి తలుపులు బయట గొళ్ళెం పెట్టారు," అంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. లోపలున్న వాళ్ళెవరూ బతకలేదని మాత్రం అంది.

పక్క దేశానికి పారిపోతే అక్కడి ప్రభుత్వం ఆమెని దాచింది. ఐరోపాలో ఉన్న అంతర్జాతీయ కోర్టు మనుషులు వచ్చి మాట్లాడటానికి అనుమతిచ్చింది, తర్వాత ఇక్కడికి పంపింది. సొంత దేశం కూడా మొదట్లో సహకరించింది. కొత్త అధ్యక్షుడు, నిందితుల్ని అప్పగిస్తామని మాట ఇచ్చాడు. కోర్టు కమాండర్ మీద వారెంటు ఇచ్చింది. నువ్వు లాయర్‌వి, నీకు వెంటనే అర్థమవుతుంది. ఆ కోర్టుకి సొంత పోలీసులు లేరు. పట్టుకుని అప్పగించాల్సింది ఆ కోర్టు ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రభుత్వాలే. ఈలోగా ఆ కమాండర్ రాజకీయాల్లోకి వచ్చాడు. అతని మనుషుల ఓట్లు లేకపోతే అధ్యక్షుడి ప్రభుత్వం నిలవదు. అంతే, వారెంటు అలాగే ఉంది, అతను మంత్రి అయ్యాడు. చుట్టుపక్కల దేశాలు కూడా సంతకం పెట్టినవే. అతను వెళితే విమానాశ్రయంలో పూలగుత్తి ఇచ్చి తీసుకెళ్ళేవారు. అది తెల్లవాళ్ళ కోర్టు, ఆఫ్రికా వాళ్ళనే వేటాడుతుంది అని వాళ్ళ టీవీల్లో ఉపన్యాసాలు.

నేను ఒకసారి అడిగాను, ఆ మాటలో నిజం లేదా అని. జోసెఫీన్ చిక్కుళ్ళు ఒలుస్తోంది. "సగం నిజమే. పెద్ద దేశాల వాళ్ళ జోలికి ఎవరూ పోరు. మనం బతుకుతున్న ఈ అమెరికా ఆ కోర్టులో చేరనే లేదు. కానీ మా బడికి గొళ్ళెం పెట్టింది తెల్లవాళ్ళు కాదు," అంది.

ఈ చలికాలంలోనే అంతా కూలింది. ముందు, జోసెఫీన్‌తో పాటు కోర్టుకి సాక్ష్యం చెప్పిన డానియల్ వాళ్ళ దేశం టీవీలో కనిపించాడు. ఆ రోజు తాను ఊళ్ళోనే లేనని, డబ్బాశ చూపి అబద్ధం చెప్పించారని అన్నాడు. జోసెఫీన్ అతనికి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చాలాసేపు అటు నుంచి ఏడుపే వినిపించింది. తర్వాత నాకు చెప్పింది, అతను అన్నది ఒకటే మాటట. "వదినా, పిల్లలు ఆ పోలీస్ స్టేషన్ ముందు నుంచే బడికి వెళ్తారు." ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. "అన్నం తిన్నావా" అని అడిగి పెట్టేసింది.

కొన్నాళ్ళకి కోర్టు వాళ్ళు ఫోన్ చేశారు. ప్రభుత్వం అడిగిన రికార్డులు ఇవ్వలేదు, మనిషిని అప్పగించలేదు, రెండో సాక్షి మాట మార్చాడు, అందుకని కేసు ఆపేస్తున్నాం అన్నారు. మర్యాదగానే చెప్పారట.

వారెంటు పోయింది కదా, ఇక మంత్రిగారికి అడ్డేముంది. అమెరికాకి పెట్టుబడుల కోసం బయలుదేరాడు. డెట్రాయిట్ దగ్గర ఒక హాల్లో వాళ్ళ దేశస్థులు విందు పెట్టారు. ఐటీలో ఉన్న ఇండియన్లు కూడా రావచ్చన్నారు. జోసెఫీన్ కిందికి వచ్చి మా సోఫాలో కూర్చుంది, కోటు కూడా విప్పలేదు.

"నేను వెళ్తాను, కానీ మాట్లాడలేను. నేనే సాక్షినని తెలిస్తే డానియల్ పిల్లల్ని బతకనివ్వరు. నీకు అక్కడ ఎవరూ లేరు. ఆ హాల్లో నువ్వు ఒక్కసారి మా ఊరి పేరు ఎత్తుతావా?"

వెంటనే ఊఁ అనలేకపోయాను, అన్నయ్యా. ఆలోచించి చెబుతానన్నాను. రఘుకి ఫోన్ చేశాను.

"పిచ్చా నీకు? హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఎవడో ఫారిన్ మినిస్టర్‌తో గొడవేంటి? ఎవడైనా వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెడితే మీ హెచ్ఆర్ ఊరుకుంటుందా?" అన్నాడు.

"గొడవ కాదు, ఒక్క క్వశ్చన్."

"మనకెందుకు సునీతా, చెప్పు."

తప్పని అనలేను, అతను మా గురించే భయపడ్డాడు. కాసేపటికి తనే మెత్తబడి, "వెళ్తే మేఘని నీ ఫ్రెండ్ శ్రీలత వాళ్ళింట్లో డ్రాప్ చేసి వెళ్ళు. నీ కంపెనీ పేరు మాత్రం చెప్పకు," అన్నాడు.

విందు జరిగిన శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. వేరే వేరే కార్లలో, వేరే వేరే తలుపుల నుంచి. నేను పట్టుచీర కట్టుకున్నాను, ఎందుకో అదే ధైర్యం అనిపించింది. జోసెఫీన్ వెనక బల్ల దగ్గర తన చర్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. మంత్రి నేను ఊహించినట్టు లేడు. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. పిల్లల్ని దగ్గరికి పిలిచి ఏ క్లాసు చదువుతున్నారో అడిగాడు. సాఫ్ట్‌వేర్ పార్కు గురించి మాట్లాడాక, ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను చేయెత్తాను. అతను నవ్వుతూ చేయి చాచి నా వైపు చూపించాడు. బడి వైపు చూపించింది ఆ చేయే అనుకుంటూ లేచాను.

మైకు తెచ్చి ఇచ్చారు. "సార్, మలుంగిరోలో సంత రోజున బడికి గొళ్ళెం పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నాను. అడిగాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ప్లేట్ల మీద స్పూన్లు ఆగాయి. అతని ముఖంలో నవ్వు కొంచెం కూడా చెదరలేదు.

"మీరు ఇండియా నుంచా? మీ డాక్టర్లే మా అమ్మకి గుండె ఆపరేషన్ చేశారు. మీ దేశమంటే నాకు గౌరవం. మేడమ్, ఆ కేసు కోర్టే ఆపేసింది. సాక్షులే అబద్ధమని ఒప్పుకున్నారు. గాయాలు మాన్పుకుంటున్న దేశం మాది, వాటిని కెలకొద్దు. తర్వాతి ప్రశ్న."

చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి చూశాను. జోసెఫీన్ కూడా చప్పట్లు కొడుతోంది. కొట్టకపోతే పక్కవాళ్ళు చూస్తారు.

సూట్ వేసుకున్న ఒకాయన వచ్చి నా పక్కన కూర్చుని, ఏ కంపెనీ, ఈ విందుకి ఎవరు పిలిచారు అని మర్యాదగా అడిగాడు. ఎవరూ పిలవలేదు, పేపర్లో చదివాను అన్నాను. కంపెనీ పేరు చెప్పకుండా లేచి వచ్చేశాను.

పార్కింగ్‌లో కార్ దగ్గరికి వెళ్ళేసరికి పసుపు రంగు తలగుడ్డ కట్టుకున్న ఒక ఆవిడ కోటు లేకుండా పరిగెత్తుకు వచ్చింది. "ఆ ఊరి పేరు నీకెవరు చెప్పారు?" అంది. నేను కార్ తలుపు తెరిచాను. "మా చెల్లెలు ఆ బడిలోనే ఉంది. దాని పేరు ఇంట్లో కూడా ఎవరూ ఎత్తరు," అంది. చెల్లెలి పేరు నాకు చెప్పింది. ఇంతలో గుమ్మం దగ్గర నుంచి ఆమె భర్త పిలిచాడు, మంత్రిగారితో ఫోటో తీస్తున్నారు రమ్మని. ఆవిడ ముఖం తుడుచుకుని, తలగుడ్డ సరిచేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పేరు జోసెఫీన్‌కి చెప్పాను. కళ్ళు మూసుకుని, "మా ఆయన క్లాసులో పిల్ల. ముందు వరసలో కూర్చునేది," అంది.

ఇక్కడితో అయిపోతే నీకు రాసేదాన్ని కాదేమో.

విందు తర్వాత వచ్చిన సోమవారం నుంచి డానియల్ ఫోన్ పలకలేదు. ఫోన్ పాడై ఉంటుందని జోసెఫీన్ అంటూ వచ్చింది, నేనూ అవునవునన్నాను. తర్వాత ఏదో కొత్త నంబరు నుంచి అతనే చేశాడు. భార్యాపిల్లలతో సరిహద్దు దాటాడట. ఒకప్పుడు జోసెఫీన్‌ని దాచిన ఆ పక్క దేశానికే. మంత్రి మనుషులు వచ్చి మళ్ళీ టీవీలో మాట్లాడమన్నారట. ఈసారి, అబద్ధం చెప్పించింది మా వదినేనని, ఆమె ఇప్పుడు ఎక్కడుందో కూడా చెప్పమన్నారట. "ఒకసారి నా పిల్లల కోసం చెప్పాను వదినా. నీ పేరు పెట్టి చెప్పలేను. కోర్టు వాళ్ళని రమ్మను, చూసింది చూసినట్టు చెబుతాను," అన్నాడట.

ఆ రోజు జోసెఫీన్ ముఖం నువ్వు చూడాల్సింది. కోర్టు వాళ్ళకి ఫోన్ చేసింది. కొత్త సాక్ష్యం ఉంటే కేసు తిరిగి తెరవొచ్చు, అతన్ని కలవడానికి ఆ దేశం అనుమతి అడుగుతామన్నారు. అడిగారు కూడా. కానీ అక్కడ ఇప్పుడు వేరే ప్రభుత్వం. రెండు దేశాల మధ్య ఏదో కొత్త రైలు మార్గం ఒప్పందం. కోర్టుకి జవాబు రాలేదు. పోలీసులు అతని కుటుంబం ఉంటున్న శరణార్థుల శిబిరానికి వచ్చి డానియల్‌ని తీసుకెళ్ళి, సరిహద్దు దగ్గర అవతలి వాళ్ళకి అప్పగించారు. మంత్రిని అప్పగించడానికి అన్నేళ్ళు ఏ ప్రభుత్వానికీ కుదరలేదు. డానియల్ విషయంలో వారం కూడా పట్టలేదు.

అతను ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. మా దగ్గర అలాంటి మనిషే లేడని వాళ్ళ ప్రభుత్వం అంటోంది. భార్యాపిల్లలు శిబిరంలోనే ఉన్నారు. వాళ్ళని ఇక్కడికి రప్పించడానికి జోసెఫీన్ సెలవు లేకుండా పని చేస్తోంది, దొరికిన ప్రతి లాయర్ దగ్గరికీ వెళ్తోంది. నేను కార్లో తీసుకెళ్తున్నాను. ఇది నా ప్రశ్న వల్ల జరిగిందా అని అడిగాను. డానియల్ భార్య కాదందట, ఆ మనుషులు విందుకి ముందు నుంచే వస్తున్నారట. జోసెఫీన్ కూడా కాదంది. వాళ్ళిద్దరూ కాదన్నాక కూడా నాకు నిద్ర రావడం లేదు.

రఘు ఈసారి వచ్చినప్పుడు పైకి వెళ్ళి ఆమెతో చాలాసేపు కూర్చున్నాడు. శిబిరంలో పిల్లలకి పంపమని చలి బట్టలు కొనుక్కొచ్చాడు. అక్కడ చలి ఉండదని ఎవరూ అతనికి చెప్పలేదు, తీసుకుంది జోసెఫీన్.

అన్నయ్యా, నీ దగ్గరికి వచ్చే కేసుల్లో సాక్షులు ఎదురు తిరుగుతారని, అమ్ముడుపోయారని నువ్వు ఎన్నోసార్లు కోపంగా అనడం విన్నాను. ఈసారి ఎవరైనా అలా మాట మారిస్తే, అతని పిల్లలు ఏ దారిన బడికి వెళ్తారో ఒక్కసారి అడుగు. నీకు చెప్పేంత దాన్ని కాదు, కానీ అడుగు.

ఢిల్లీలో శరణార్థుల కేసులు చూసే నీ స్నేహితుడు ఉన్నాడు కదా, ఆయన్ని అడిగి ఇలాంటప్పుడు ఏ తలుపు తట్టాలో కనుక్కో. వదిన కందిపొడి పంపితే జోసెఫీన్‌కి కూడా ఒక పొట్లం వేరుగా కట్టమను, ముద్దలో కలుపుకుని తింటోంది. మేఘ నీకు ఉత్తరం రాస్తానంటోంది, తెలుగు అక్షరాలు తలకిందులుగా వచ్చినా నవ్వకు. పెద్దమ్మ కాళ్ళకి నా నమస్కారం. పెద్దమ్మకి ఇందులో ఏదీ చెప్పొద్దు, బాగున్నామని మాత్రం చెప్పు.

డానియల్ బతికి ఉండాలని మన ఇంట్లో కూడా ఒక దీపం పెట్టమను వదినని. ఎవరికని అడిగితే, ఒక మరిది కోసమని చెప్పు.

మీ ఇద్దరి దీవెనలూ కోరుకునే
సునీత