ఫుట్‌పాత్ మీద కొన్న ఉలి

ప్రియమైన మావయ్యకి,

వడ్రంగి కొట్టు తెరిచి పది రోజులైంది. క్షేమసమాచారాలు తర్వాత, ముందు నా గోడు విను. ఫుట్‌పాత్ మీద కొన్న ఉలి చెక్కను కోయడం లేదు, నలుపుతోంది. అక్కడే కొన్న చిత్రిక చెక్క మీద జానెడు పోయి, పొట్టు ఇరుక్కుని మొండికేస్తోంది. బడి లైబ్రరీ వాళ్లు ఇరవై సొరుగుల బీరువా చేయించుకుంటారట. ముందు ఒక్క సొరుగు చేసి చూపించమన్నారు. నెలాఖరులోగా నచ్చేలా చేస్తే పని నాది, లేకపోతే మిషన్లున్న వాళ్లకి పోతుంది. నాకొచ్చిన మొదటి పెద్ద పని ఇదే.

నీ పనిముట్ల పెట్టె అడగకూడదనే అనుకున్నాను. "నేను పని మానేసిన రోజున ఇదంతా నీకేనే" అని నా చిన్నప్పుడు అన్నది నువ్వే. మానేసి రెండేళ్లయింది. కొట్టు తెరిచిన రోజు వట్టి చేతులతో వచ్చి, గుమ్మంలోంచే "బస్టాండులో పనుంది" అని వెళ్లిపోయావు. అమ్మా నేనూ ఏమీ అనుకోలేదు. అబద్ధం, చాలా అనుకున్నాను.

పెట్టె పంపుతావా?

నీ పొట్టు

*

ప్రియమైన పొట్టూ,

రంపప్పొట్టులో దొర్లి ఒళ్లంతా దురదలు తెచ్చుకునే పిల్లవి, ఇవాళ కొట్టు యజమానివి. సంతోషంగా ఉందమ్మా.

పెట్టె మాట అలా ఉంచు. ఉలి కొనగానే కోస్తుందని నీకెవరు చెప్పారు? వాడు అమ్మింది ఇనపముక్క. దాన్ని ఉలి చేసుకోవాల్సింది నువ్వు. పగలని అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, తడిపి, ఉలి వీపును, అదే చదునువైపును, బోర్లా పెట్టి రుద్దు. ముందు వీపు మీద పెన్సిల్‌తో గీతలు గియ్యి. గీతలన్నీ పోయేదాకా అంచు జోలికి పోకు. ఆ తర్వాత అంచును పల్చగా, ఆకులా తియ్యి. చెయ్యి నొప్పెడితే నన్ను తిట్టుకో, పని మాత్రం ఆపకు.

మీ అమ్మని మోకాలు జాగ్రత్త అన్నానని చెప్పు.

మావయ్య

*

ప్రియమైన మావయ్యకి,

రెండు రోజులు రుద్దాను. ఉలి వీపులో నా ముక్కు కనిపించింది. అంచు నువ్వన్నట్టే ఆకులా తీశాను. ఆహా, ఎంత బాగా కోసిందో! పది దెబ్బలు కొట్టానో లేదో, అంచు చిప్పలు చిప్పలుగా రాలిపోయింది. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను.

గడువు ఇంక పన్నెండు రోజులే ఉంది. సూటిగా అడుగుతున్నా, కోప్పడకు. పెట్టె ఆడపిల్ల చేతిలో పెట్టడం ఎందుకనా? నీ సొంత అల్లుడి కోసం దాచావా? ఆయన గోడకి మేకు కొడితే క్యాలెండరు కూడా తలొంచుకుంటుంది కదా!

పొట్టు

*

ప్రియమైన పొట్టూ,

నీ ఉత్తరం ఆలస్యంగా చూశాననుకోకు. వచ్చిన రోజే చదివాను. జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

తప్పు నాది. ఆకులా తియ్యమన్నది నా పాత ఉలిని తలుచుకుని. ఈ చవక ఉక్కు పెళుసు, అంత పల్చని అంచును మొయ్యలేదు. సాన పట్టేటప్పుడు పిడిని వేలెడు పైకెత్తు, అంచు కాస్త మొద్దుగా ఉన్నా నిలుస్తుంది. మాటిమాటికీ సాన పట్టుకోవాలి, అంతే. చిత్రిక బ్లేడు తీసి, అది కూర్చునే సందులో వేలు పెట్టి చూడు. ఎడమవైపు ముల్లులాంటిది తగులుతుంది. ఆకురాయితో నాలుగుసార్లు గీస్తే పోతుంది. పొట్టు ఇరుక్కునేది అక్కడే.

ఆడపిల్లవనా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే!

మావయ్య

*

ప్రియమైన మావయ్యకి,

బీరువా నాదే! లైబ్రరీ మేడమ్ సొరుగుని పదిసార్లు లాగి, మూసి, "శబ్దం లేదే!" అన్నారు. మూల అతుకులో కాగితం కూడా దూరదు. అదే ఉలి మావయ్యా, అదే చిత్రిక. ముల్లు ఎడమవైపే ఉంది.

అక్కడే నాకు అనుమానమొచ్చింది. ఎడమవైపు ఆగుతోందని నేను నీకు రాయలేదు. నీ పెట్టెలో చవక సరుకు ఒక్కటీ ఉండేది కాదు. నీకెలా తెలుసు?

నాకింక పెట్టె వద్దు. ఆ రోజు నా కొట్టులో ఎందుకు కూర్చోలేదో చెప్పు, చాలు.

నీ పొట్టు

*

ప్రియమైన పొట్టూ,

మీ అత్తకి కూడా ఇప్పుడే చెప్పాను. ఇంక దాచలేను.

ఆ రోజు పెట్టె తీసుకునే బయల్దేరాను. నలభై ఏళ్ల పెట్టె. బస్సులో సీటు కింద తోశాను. నీ మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ కునుకు తీశాను. కండక్టర్ కేకేస్తే గబుక్కున దిగిపోయాను. నీ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే కుడిచెయ్యి తేలిగ్గా తోచింది. పెట్టె బస్సులోనే ఉండిపోయింది. బస్టాండులో పని అంటే అదే.

బస్సుల డిపోకి పదకొండుసార్లు వెళ్లాను. ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే గేటు మనిషి తల అడ్డంగా ఊపుతాడు. నీకివ్వాల్సింది పోగొట్టానని ఎలా రాయను? పెద్దరికం అడ్డొచ్చింది. నీ ఉలి రాలిపోయిందన్న ఉత్తరం చదివాక డిపో బయట ఫుట్‌పాత్ మీద అలాంటి ఉలే, అలాంటి చిత్రికే కొన్నాను. నాలుగు రోజులు నేనూ పాడుచేశాను, బాగుచేశాను. ఆ తర్వాతే నీకు జవాబు రాశాను. నా దాంట్లోనూ ముల్లు ఎడమవైపే ఉంది.

నాకు మూల అతుకు ఇంకా కుదరడం లేదు. గోరు దూరేంత సందు వస్తోంది. నీకెలా వచ్చిందో దగ్గరుండి చూపించాలి. శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నాకూ ఒక పీట వేసి ఉంచు. ఉన్నవి రెండే పనిముట్లు, సంచిలో వేసుకుని ఒళ్లో పెట్టుకుంటాను. కునుకు తియ్యను.

నీ మావయ్య