బడిలో పేకాట అని నేను రాసిన వార్త

14 జూన్ 2009, ఆదివారం

హారిక స్నేహితురాలి ఇంటి నుంచి ఆరు సీడీలు తెచ్చింది. కార్డులాట కార్టూన్. తను ఏడో తరగతిలో ఉండగా రోజూ సాయంత్రం ఐదున్నరకు టీవీలో వచ్చేది. జపాన్ బొమ్మలు, హిందీ మాటలు. ఇంటర్ పూర్తయిన పిల్ల, హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని పన్నెండేళ్ళదానిలా చూస్తోంది. "గుర్తుందా నాన్నా?" అంది. ఉందన్నాను. లేదు. ఐదున్నరకు నేను ఏనాడూ ఇంట్లో లేను.

రెండో సీడీ మధ్యలో కరెంటు పోయింది.

16 జూన్

ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. నూకరత్నం. గట్టు మీద చేపలమ్మే వెంకాయమ్మ కూతురు. హారికతో కలిసి ఏడో తరగతి చదివింది, సెప్టెంబరు దాకా. ముఖం గుర్తుపట్టలేదు. పేరు వినగానే గుర్తొచ్చింది. ఆ పేరు పేపర్లో రాసింది నేనే.

నర్సింగ్ సీటుకి కౌన్సెలింగ్ 29న, కాకినాడలో. నాలుగో తరగతి నుంచి పది దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ కావాలి. మిగతా బడులు ఇచ్చాయి. ఆరు, ఏడు తరగతులది మాత్రం ఇలా ఇచ్చారంటూ కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ప్రవర్తన: సంతృప్తికరం కాదు. పేకాట ఆడినందున తొలగించడమైనది." కింద బడి నడిపే కరస్పాండెంట్ సంతకం, బడి ముద్ర.

మార్చమని అడిగితే ఆయన బీరువాలోంచి మా పేపర్ కటింగ్ తీసి చూపించాడట. పేపర్లోనే వచ్చింది కదమ్మా, నన్నేం చెయ్యమంటావ్ అన్నాడట.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "మీరు రాసిందే కదా సార్, మీరు చెప్తే మారుస్తారేమోనని వచ్చానండి." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

17 జూన్

2003 సెప్టెంబరు పాత పేపర్ల బైండు తీయించాను. జిల్లా పేజీ, మూడు కాలాలు. శీర్షిక 'బడిలో పేకాట'.

మాట్లాడిన మనుషులు: ఒక్కరు. కరస్పాండెంట్. ఫోన్లో.
చూసిన కార్డులు: లేవు.
పిల్లతో మాట్లాడటం: లేదు. తల్లితో: లేదు.
పిల్ల పేరు, వీధి, తల్లి చేసే పని: ఉన్నాయి.

'జూదానికి బానిసలై' అని ఒక చోట. 'యథేచ్ఛగా' అని ఇంకో చోట. కొత్తగా చేరిన కుర్రాళ్ళు రాసిచ్చే కాపీలో ఇలాంటివి కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాను. ఇవి ఎవరూ కొట్టలేదు.

ఆయన చెప్పింది నేను రాశాను. నేను రాసింది ఆయన సాక్ష్యంగా దాచుకున్నాడు. ఇద్దరిలో ఒక్కడూ ఆట చూడలేదు.

17, సాయంత్రం

ఎలా రాశానో తెలుసు. ఈ జిల్లాలో వారానికి నాలుగు రాస్తాం... కొబ్బరితోటలో పేకాట శిబిరంపై దాడి, ఇందరు అరెస్టు, ముక్కలు స్వాధీనం. చెయ్యి తనంతట తనే రాసేస్తుంది. ఇక్కడ చేతిలో ముక్కలుంటే అది జూదమే. వేరే ఆట ఉంటుందని ఎవరికీ తట్టదు. 'బడి ఆవరణలో ముక్కలు స్వాధీనం' అని కూడా రాశాను. స్వాధీనం! పన్నెండేళ్ళ పిల్ల పుస్తకాల సంచిలోంచి.

18 జూన్

ఆరేళ్ళ తర్వాత చూడటం మొదలుపెట్టాను. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని. హారిక ఎగాదిగా చూసింది.

మొదటి సీడీ, నాలుగు భాగాలు. ఒక రేవు పట్నం. పిల్లలు ఎదురెదురుగా కూర్చుని కార్డులు దించుతారు. కార్డు తిరగేస్తే ఓడంత కొంగ లేస్తుంది. ఇంకో కార్డుకి కొండ నడుస్తుంది. డబ్బు ప్రస్తావన లేదు. ఓడినవాడు లేచి చెయ్యి కలుపుతాడు.

హారిక హిందీ మాటలు తెర కన్నా ముందే అనేస్తోంది. మా అందరికీ హిందీ వచ్చింది దీని వల్లే అంది. ట్యూషన్ వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఒక్క కార్డు దించడానికి ఐదు నిమిషాలు. గాలి, మెరుపు, ముఖాలు, మళ్ళీ గాలి. "అప్పుడింత నెమ్మదిగా ఉండేది కాదు నాన్నా," అంది నవ్వుతూ. కాసేపటికి నవ్వు ఆపేసి, రత్నం కొంగ కార్డు దించేటప్పుడు సరిగ్గా ఇలాగే చెయ్యి పైకెత్తేదంది. రత్నం ఆఫీసుకి వచ్చిన సంగతి తనకి ఇంకా చెప్పలేదు.

19 జూన్

కరస్పాండెంట్‌ని కలిశాను. బడిలో కాదు, క్లబ్బులో. రోజూ సాయంత్రం అక్కడే. పదమూడు ముక్కలాట. ముక్కలు చేతిలో విసనకర్రలా పట్టుకునే మాట్లాడాడు.

"రండి రండి, చెయ్యి తక్కువైంది, కూర్చోండి."

విషయం చెప్పాను. రికార్డు రికార్డేనండి అన్నాడు. ఒకసారి రాశాక దిద్దితే రేపు ఇంకొకరొస్తారట. ఒక ముక్క దించి, జోకర్ తీసుకుని, "పిల్లలకి క్రమశిక్షణ ముఖ్యమండి," అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు. నేనూ అదే బల్ల దగ్గర ఆడాను, ఆయనతోనే, చాలాసార్లు.

20 జూన్

ఇది కూడా రాయాలి. ఇక్కడైనా.

ఆ రోజు ఫోన్ చేసినప్పుడు కరస్పాండెంట్ మొదట చెప్పింది రత్నం గురించి కాదు. "మీ అమ్మాయి దగ్గర కూడా దొరికాయండి. ఆ పేరు బయటికి రాదు, నేను చూసుకుంటాను." నేను థాంక్సండి అన్నాను. తర్వాత ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. ఇరవై నిమిషాల్లో కాపీ పంపించాను.

దొరికింది ఐదుగురు. నలుగురి తరఫున తల్లిదండ్రులు మాట్లాడితే సరిపోయింది. వెంకాయమ్మ ఆ పూట చేపల బుట్టతో బజార్లో ఉంది. సాయంత్రం వెళ్ళేసరికి టీసీ రాసి ఉంచారు.

ఇంటికొచ్చి హారిక కార్డులు నీళ్ళ కాగు కింద మంటలో పెట్టాను. పిల్ల ఏడ్చింది. నా భార్య సరోజ అడ్డం రాలేదు.

దీన్ని పొరపాటు అనుకుంటూ వచ్చాను. పొరపాటు కాదు. బదులుకి బదులు.

21 జూన్, ఆదివారం

హారికకి అంతా చెప్పాను. రత్నం రావడం, సర్టిఫికెట్, కటింగ్, ఫోన్. టీవీ ఆపేసి విన్నది.

పందెం సంగతి అడిగాను. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ కార్డు తీసుకునేవారా, లేదా? నా వార్తలో నిజమయ్యే అవకాశం ఉన్న వాక్యం అదొక్కటే.

తీసుకునేవారట. ఎప్పుడూ రత్నమే గెలిచేదట. అయితే శుక్రవారం మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, వారమంతా గెలిచినవి ఎవరివి వాళ్ళకి తిరిగి పంచేసేదట. పంచకపోతే సోమవారం తనతో ఆడటానికి ఎవరి దగ్గరా కార్డులుండవు కదా, అందుకని.

కార్డులు పట్టుకున్నది గురువారం.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదు కదా నాన్నా."

ఇరవై రెండేళ్ళుగా అడగడమే నా ఉద్యోగం.

22 జూన్

ఎడిషన్ ఇన్‌ఛార్జికి సవరణ రాసిచ్చాను. నాలుగు వాక్యాలు. చదివి వెనక్కి తోశాడు. ఎవరూ అడగని సవరణ మనం వెయ్యం అన్నాడు. అడుగుతున్నారు, ఆ అమ్మాయే వచ్చింది అన్నాను. లాయర్ నోటీసు వచ్చిందా అని అడిగాడు. రాలేదు. "మరి వచ్చాక చూద్దాం లెండి గురువుగారూ. ఆరేళ్ళ కిందటి పులుసు ఇప్పుడు వేడి చెయ్యడం దేనికి?"

నోటీసు పంపగలిగినవాళ్ళ పిల్లల పేర్లు మేం మొదటే వెయ్యం. ఆ మాట అన్నాను. ఇంకో కాపీ ముందుకి లాక్కున్నాడు.

23 జూన్

కాకినాడ వెళ్ళాను. విద్యాశాఖ ఆఫీసు. అధికారి మంచివాడే. ప్రైవేటు బడి రికార్డు దిద్దాలంటే విచారణ వెయ్యాలి, నెల పడుతుంది అన్నాడు. 29కి ఆరు రోజులున్నాయి. టీ ఇచ్చాడు. తాగకుండా వచ్చేశాను. ఆయన చేసిన తప్పేమీ లేదు.

24 జూన్

హారికని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. వెంకాయమ్మ పండుగప్ప చేప కోస్తోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు. "రండి బాబుగారూ. ఇంకా ఏం రాయాలని వచ్చారండి?"

రత్నం పక్కనే బుట్ట సర్దుతోంది. 

 హారికే ముందు, నీ కొంగ కార్డు వచ్చే భాగం మొన్న చూశానే అంది. రత్నం పెదవి మూల కదిలింది. "అది దించడానికి ఎంతసేపు తీసుకుంటారో చూశావా? ఈలోగా బస్సు కాకినాడ వెళ్ళొచ్చేస్తాది." ఇద్దరూ నవ్వారు. వెంటనే ఆపేశారు. నేనున్నానని.

సవరణ గురించి చెప్పాను. హైదరాబాదు డెస్కుతో మాట్లాడైనా వేయిస్తానన్నాను. మొదటి పేజీ కాకపోయినా జిల్లా పేజీలో, పేరుతో సహా, తప్పు లేదని.

"వద్దు సార్. నా పేరు మళ్ళీ పేపర్లో వెయ్యొద్దండి. మంచికైనా సరే వద్దు. కాగితం ఒక్కటి మార్పించండి చాలు."

 దారిలో హారిక స్కూటర్ మీద నన్ను పట్టుకోకుండా, వెనక స్టెపినీ పట్టుకుని కూర్చుంది.

25 జూన్

మిగిలిన సీడీలు చూశాను. ఒంటరిగానే. చివరి భాగం లేదు. సగంలో కథ ఆగిపోయింది. టీవీలో కూడా అక్కడే ఆపేశారట. దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను, అదేదో నాకు చేసిన అన్యాయం అన్నట్టు.

26 జూన్

మళ్ళీ కరస్పాండెంట్. ఈసారి బడికే వెళ్ళాను. శుక్రవారం సంగతి చెప్పాను. రత్నంతో ఆడిన నలుగురు పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కున్నానని, వాళ్ళతో మాట్లాడానని చెప్పాను. మాట్లాడాను. ముగ్గురు అదే చెప్పారు, ఒకరికి గుర్తులేదు. ఆ నలుగురిలో ఒకరు మా ఇంట్లోనే ఉందని కూడా చెప్పాను, ఆయనకి తెలియనట్టు.

చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. చివరికి దారికొచ్చాడు. వార్త తప్పని మీరు బాండు పేపర్ మీద రాసివ్వండి, అది ఆధారం చేసుకుని ప్రవర్తన 'సంతృప్తికరం' అని కొత్త సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. ఆదివారం ఉదయం పదింటికి ఆఫీసు గదిలో ఉంటాడట.

సరేనన్నాను.

27 జూన్

ముసాయిదా రాసి పంపాను. ఏడు వాక్యాలు. విశేషణాలు లేవు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ఆరు వాక్యాలు బాగున్నాయట. నాలుగో వాక్యం తీసేయాలట. 'ఈ సమాచారం పాఠశాల కరస్పాండెంట్ ఫోన్ ద్వారా ఇచ్చారు' అన్నది.

"అది నిజం కదండి."

"నిజమే అనుకోండి. మరి నా సంతకంతో పిల్లని పంపించేశాను, మీ వార్త చూసి పంపించానంటే ఒక రకం. నేనే చెప్పి నేనే పంపించానంటే ట్రస్టులో నన్ను బతకనిస్తారేంటండి? ఆ ముక్క తీసేయండి, సర్టిఫికెట్ రాసి ఉంచుతాను."

నాలుగో వాక్యం తీసేస్తే కాగితం ఏం చెబుతుంది? రిపోర్టర్ తనంతట తనే కల్పించి రాశాడు, దాన్ని నమ్మి బడి చర్య తీసుకుంది అని. ఇంకో అబద్ధపు వార్త. ఈసారి నా సంతకంతో, స్టాంపు మీద. ఇన్‌ఛార్జికి తెలిస్తే ఉద్యోగం పోతుంది. అది వేరే సంగతి. నాకు మండేది అందుకు కాదు. ఆయన క్లబ్బుకి వెళ్ళి జోకర్ కోసం చూసుకుంటాడు, రికార్డులో ఆయనకి ఏ మచ్చా ఉండదు, రేపు ఇంకో వెంకాయమ్మ కూతురికి అదే చేస్తాడు.

ఉంచితే? రత్నానికి సర్టిఫికెట్ రాదు.

28 జూన్, ఆదివారం, ఉదయం

సరోజ కాఫీ తెచ్చి, ఏవండీ, తీసేయండి, పిల్ల సీటు ముఖ్యం అంది. హారిక అడ్డుపడింది. తీస్తే రత్నమైనా, నువ్వైనా ఇంకెప్పుడైనా ఆయన్ని ఎలా అడుగుతారు అంది. వారం తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట.

తొమ్మిదింటికి రత్నం వచ్చింది. నాలుగో వాక్యం సంగతి తనకే చెప్పాను. తనదే కదా నష్టమైనా, లాభమైనా. నిలబడే విన్నది.

"సార్, అది మీకూ ఆయనకీ మధ్య ఉన్నదండి. నన్ను తేల్చమంటారేంటండి?"

బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. హారిక వెళ్ళి పక్కన కూర్చుంది. మాటలు వినిపించడం లేదు.

తొమ్మిదీ నలభై. రెండు బాండు పేపర్లు. ఒకదాంట్లో ఏడు వాక్యాలు, రెండోదాంట్లో ఆరు. రెండింటి మీదా సంతకం చేశాను. ఒకటి చొక్కా జేబులో, ఒకటి ప్యాంటు జేబులో.

ఏది తీస్తానో నాకు తెలియదు. వెళ్తున్నాను.